జరీదాలో వచ్చిందా?

సర్కారు ఏదో కొత్త హుకుం తీసిందని బజారులో ఎవరైనా చెప్తే వెనకటివాళ్ళు వెంటనే నమ్మేవారు కాదు. జరీదాలో వచ్చిందా, రాలేదా అని అడిగేవారు. వచ్చిందంటే మాట అక్కడితో తెగిపోయినట్లే. రాలేదంటే అది వట్టి బాతాఖానీ. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. వాళ్ళకు తెలిసింది గెజిట్. పాస్‌పోర్టు దగ్గర గెజిట్, భూమి దగ్గర గెజిట్, కబరస్తాన్ ప్రహరీ దగ్గర గెజిట్. అసలు జరీదా అంటే ఏమిటి, గెజిట్ అంటే ఏమిటి, ఈ రెండూ ఒకటేనా, ఒక మాట పోయి ఇంకొక మాట ఎట్లా వచ్చింది, అందులో మన మంచిచెడ్డలు ఏమున్నాయి అనేది సొసైటీ సభ్యులకూ వారి ఇండ్లవారికీ నాలుగు మాటల్లో చెప్పాలని మా ప్రయత్నం.

ముందు మాట సంగతి చూద్దాం. జరీదా అరబ్బీ పదం. దాని ధాతువుకు అర్థం ఒలవడం, పైపొర తీసివేయడం. ఆకులు ఒలిచివేసిన ఖర్జూరపు మట్టను అరబ్బులు జరీద్ అంటారు. కాగితం లేని కాలంలో అటువంటి మట్టల మీద కూడా వ్రాసుకునేవారు. ఆ మట్ట పేరే వ్రాతకు, తరువాత లెక్కల చిట్టాకు, దఫ్తరానికి పేరయింది. ఫారసీలోకి వచ్చేసరికి జరీదా అంటే సర్కారు రిజిస్టరు అనే అర్థం బలపడింది. మన తెలుగులో జరిగిన కథ కూడా ఇటువంటిదే గదా! పత్రం అంటే ఆకు. తాటాకు మీద వ్రాశాం కనుక తాళపత్రం; ఆ ఆకు నుంచే పత్రిక పుట్టింది. వాళ్ళది ఖర్జూరపు మట్ట, మనది తాటాకు. నకిరేకల్ చుట్టుపక్కల తాళ్ళూ ఈదులూ ఎన్ని ఉన్నాయో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఎడారిలోనూ ఎర్రనేలల్లోనూ మనిషి వ్రాసుకోవడానికి ఒక జాతి చెట్టునే పట్టుకున్నాడు.

హైదరాబాదు సర్కారు వారి అధికార పత్రం పూర్తి పేరు జరీదా-ఎ-ఎలామియా. ఈ ఎలామియా అనే మాటను చాలామంది ఏలాన్‌తో కలిపేస్తారు. చెవికి రెండూ ఒకే తీరుగా వినపడతాయి గాని మూలాలు వేరు. ఏలాన్ అంటే బహిరంగపరచడం, పదిమందిలో చాటడం. ఎలాం అంటే తెలియజేయడం. ఇల్మ్ అనే మాట ఏ ధాతువు నుంచి పుట్టిందో ఇదీ దాని నుంచే. అంటే సర్కారు తన పత్రానికి పెట్టుకున్న పేరులో ఉన్నది చాటింపు కాదు, ఎరుకపరచడం. పేరు బాగుంది. ఎంతమందికి ఎరుక అయింది అనేది తరువాత చూద్దాం.

ఈ సందర్భంలోనే ఇంకొక ముచ్చట. అఖ్బార్ అంటే ఖబర్‌కు బహువచనం. ఈ ఖబరే తెలుగులో కబురయింది. చుట్టాలకు కబురు పంపించామని ఇంటింటా అనుకునే మాట అరబ్బీ నుంచి వచ్చిందని చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. అయితే కబరస్తాన్‌లో ఉన్న కబర్ వేరు, ఈ ఖబర్ వేరు. అరబ్బీలో అక్షరాలు వేరు, మనం పలికేటప్పుడు దగ్గరకు వచ్చాయి అంతే. కబురుకూ కబరస్తాన్‌కూ నిజమైన సంబంధం ఒకటి మాత్రం ఉన్నది. అది గెజిట్ కాగితం మీద ఏర్పడిన సంబంధం. అక్కడికి తరువాత వస్తాము.

ఇక గెజిట్. ఇది ఇటలీ దేశపు వెనిస్ పట్టణంలో పుట్టిన మాట. పదహారో శతాబ్దంలో అక్కడ గజెట్టా అనే చిల్లర నాణెం చెల్లుబాటులో ఉండేది. యుద్ధాలూ ఓడరేవుల సంగతులూ వ్రాసిన కాగితాన్ని ఆ నాణెం ఇచ్చి కొనుక్కునేవారట. కాగితం వెల కాగితానికే పేరయిందని పండితులు చాలామంది చెప్తారు. మనం పైసా పత్రిక, అణా పత్రిక అన్నట్లు అనుకోండి. ఇంగ్లండులో 1665లో లండన్‌లో ప్లేగు ప్రబలి రాజు దర్బారు ఆక్స్‌ఫర్డుకు తరలిపోయినప్పుడు అక్కడ ఆక్స్‌ఫర్డ్ గెజిట్ అచ్చయింది. మరుసటి సంవత్సరం అదే లండన్ గెజిట్ అయి నేటికీ నడుస్తూనే ఉన్నది. హిందూస్తాన్‌లో మొదట అచ్చయిన వార్తాపత్రిక పేరు కూడా గెజిటే. 1780 జనవరి 29న కలకత్తాలో హికీ అనే ఆయన బెంగాల్ గెజిట్ తీశాడు. అది సర్కారు పత్రిక కాదు సరికదా, గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్సునే తిట్టిపోసిన పత్రిక. రెండేళ్ళలో దాన్ని మూయించారు. ఆ తరువాత 1784లో కలకత్తా గెజిట్, 1832లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ వచ్చాయి. అప్పటినుంచి మన దేశంలో గెజిట్ అంటే సర్కారుదే అన్న అర్థం స్థిరపడిపోయింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. అరబ్బు దేశాల్లో జరీదా అంటే ఏ వార్తాపత్రిక అయినా జరీదాయే. టీ తాగుతూ చదువుకునేది కూడా జరీదాయే. సర్కారుదని చెప్పాలంటే అల్ జరీదా అర్ రస్మియ్యా అని ఒక మాట తగిలించాలి. దక్కన్‌లో మాత్రం ఆ తోక అక్కరలేకపోయింది. మన దగ్గర చదువుకునేది అఖ్బార్, సర్కారుది జరీదా. మన పిల్లలు గల్ఫుకు పోయినప్పుడు అక్కడివాళ్ళు జరీదా అంటే ఇంట్లో తాతలు చెప్పిన అర్థంతో పోల్చుకుని తికమక పడటానికి ఇదే కారణం. సౌదీ సర్కారు గెజిట్ పేరు ఉమ్ముల్ ఖురా. అది 1924 నుంచి మక్కాలో వస్తున్నది. కువైట్ వారిది కువైట్ అల్ యౌమ్. ఈజిప్టులో ముహమ్మద్ అలీ పాషా 1828లో మొదలుపెట్టించిన అధికార పత్రిక పేరు అల్ వఖాయి అల్ మిస్రియ్యా, అంటే ఈజిప్టు సంఘటనలు అని అర్థం. 1831లో ఇస్తాంబూలులో తుర్కీ సుల్తాను తీయించిన పత్రిక పేరులోనూ వఖాయి ఉన్నది. ఈ వఖాయి మనకు కొత్త కాదు. మొగలాయి కాలంలో సుబాలలో జరిగే సంగతులు వ్రాసి దర్బారుకు పంపే ఉద్యోగి వాకియా నవీసు. నవీసు అంటే వ్రాసేవాడు. నల్లగొండలో 1922లో నీలగిరి పత్రిక నడిపిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి ఇంటిపేరులో ఉన్నది కూడా ఆ నవీసే. షబ్ అంటే రాత్రి. ఫారసీ ఉద్యోగం పేరు తెలుగు బ్రాహ్మణుల ఇంటిపేరు అయింది, ఆ ఇంటిపేరు గల పెద్దమనిషి నల్లగొండలో తెలుగు పత్రిక పెట్టారు. మన జిల్లా చరిత్రంతా ఈ ఒక్క ఇంటిపేరులో కనిపిస్తుందని మాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మన జరీదా దగ్గరకు వద్దాం. హైదరాబాదు రాజ్యంలో కచేరీ భాష మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ. జరీదా కూడా ఉర్దూలో అచ్చయ్యేది. అందులో హుజూర్ వారి ఫర్మానాలు, కొత్త కానూన్లు, ఉద్యోగాల నియామకాలు, బదిలీలు, సెలవులు, శాఖల గస్తీలు ఉండేవి. గస్తీ అంటే ఇక్కడ రాత్రి తిరిగే గస్తీ కాదు, దఫ్తరాలన్నిటికీ తిప్పే ఉత్తరువు. బహిరంగ సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు ఇజాజత్ తీసుకోవాలని కట్టడి చేసిన గస్తీ నిషాన్ 53ను ఆంధ్ర మహాసభవారు ఎంతగా ఎదిరించారో తెలంగాణ చరిత్ర చదివినవారందరికీ తెలుసు. మామూలు రోజుకు ఆగకుండా అప్పటికప్పుడు ప్రకటించవలసిన సంగతి ఏదన్నా వస్తే జరీదా గైర్ మామూలీ వెలువడేది. ఇప్పుడు మనం ఎక్స్‌ట్రార్డినరీ గెజిట్ అని నోరు తిరగక అవస్థ పడేది దాన్నే. గైర్ మామూలీ అంటే మామూలు కానిది. ఎంత తేలిక మాట!

జరీదా తేదీలు ఫస్లీలో ఉండేవి. ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ ఇరానీ నెలల పేర్లు. ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. ఉదాహరణకు 1358 ఫస్లీ అంటే 1948 అక్టోబరు నుంచి 1949 అక్టోబరు దాకా. కనుక అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి ముందుకు 591 కలపాలి. ఈ చిన్న లెక్క తెలియక పాత కాగితాలను ఒక సంవత్సరం ముందుకో వెనక్కో చదివేవారు ఇప్పటికీ ఉన్నారు. భూమి తగాదాలో ఒక్క సంవత్సరం తేడా అంటే మాటలు కాదు. మీ ఇంట్లో ముంతఖబ్ గాని సనదు గాని ఉంటే తేదీ దగ్గర ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

సరే, జరీదా అచ్చయింది. అది ఊరికి ఎట్లా చేరేది? పత్రం తాలూకా కచేరీ దాకా వచ్చేది. అక్కడినుంచి పటేలు పట్వారీలకు తాకీదు. ఊళ్ళో డప్పు కొట్టి టాంటాం వేసేవారు. వినపడినవాడికి వినపడేది, చేనుకాడ ఉన్నవాడికి లేదు. ఇక్కడ మేము ఒక సంగతి నిర్మొగమాటంగా చెప్పదలిచాము. జరీదా ఉర్దూలో ఉండేది కనుక తురకలకందరికీ తెలిసేది, తెలుగువారికి తెలిసేది కాదు అని కొందరు వ్రాస్తారు. ఇది సగమే నిజం. తెలుగు రైతుకు అర్థం కాకపోయేది, అది నిజమే. కాని ఊళ్ళల్లో దూది ఏకుకుని బ్రతికేవాడు, బండి తోలుకునేవాడు, కౌలుకు దున్నుకునేవాడు ఎంతమంది ముసల్మానులు చదువుకున్నారు? ఉర్దూ మాట్లాడటం వేరు, కచేరీ ఉర్దూ చదవడం వేరు. ఆ కచేరీ ఉర్దూలో సగం ఫారసీ, సగం అరబ్బీ. దూదేకుల సోదరుల ఇండ్లల్లో అయితే మాట్లాడేదే తెలుగు. జరీదా ముందర ఊరి బీదవాళ్ళందరూ ఒక్క తీరే. అర్థం తెలిసింది కచేరీవాడికి, పట్వారికి, జాగీర్దారుకు.

అందువల్లనే ప్రజల భాషలో పత్రికలు వచ్చినప్పుడు వాటికి అంత గిరాకీ ఏర్పడింది. నీలగిరి వచ్చిన 1922లోనే ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926లో మొదలయింది. సర్కారు ఏమన్నదో తెలుగులో తెలుసుకునే దారి అప్పటికి ఏర్పడింది. అయితే గోలకొండ పత్రికలో వచ్చిందంటే అది ఖబరు. జరీదాలో వస్తేనే కానూను. ఈ తేడాను ఆనాటి వకీళ్ళు బాగా ఎరిగి ఉండేవారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ రోజుల గాయాలు మన పెద్దలకు తెలుసు, ఆ విషయం ఇక్కడ ఎత్తము. జరీదా వరకు చెప్పుకుంటే, ఆ తరువాత ఏడాదిలోగానే మన జిల్లా నేల స్వరూపం మార్చిన ఉత్తరువులు వెలువడ్డాయి. జాగీర్ల రద్దు రెగ్యులేషను 1358 ఫస్లీ పేరుతో వచ్చి 1949 ఆగస్టు 15న అమలయింది. ఆ సంవత్సరమే నవంబరు 23న భారత రాజ్యాంగం హైదరాబాదుకు కూడా వర్తిస్తుందని నిజాం ఫర్మానా వెలువడింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ గెజిట్, 2014 జూన్ 2 తరువాత తెలంగాణ గెజిట్ వచ్చాయి. దాని నెత్తి మీద తెలుగులో తెలంగాణ రాజపత్రము అని ఉంటుంది. అట్లా జరీదా అనే మాట కచేరీల నుంచి పోయింది. రాజపత్రము అనే మాట కాగితం మీద ఉన్నది గాని ఎవరి నోటికీ ఎక్కలేదు. రాజులు పోయిన తరువాత రాజపత్రం ఏమిటని మేము కూడా అనుకుంటాము. ఏ తాసిల్దారు ఆఫీసుకు పోయినా రాజపత్రం తీసుకురండి అనేవారు లేరు. గెజిట్ అనే అంటారు, మనమూ గెజిట్ అనే అంటాము. వెనిస్ చిల్లర నాణెం గెలిచింది!

ఇంతవరకు మాటల ముచ్చట. గెజిట్ తేదీ ఎంత పని చేస్తుందో ఇప్పుడు చూద్దాం. తెలంగాణ ప్రాంతపు ఇనాముల రద్దు చట్టం 1955 నాటిది. ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లు 1955 జూలై 20న, చట్టం గెజిట్‌లో ప్రచురితమైన నాడే అమలులోకి వచ్చాయి. ఇనాము భూములు ఆ తేదీతో సర్కారు పరమయ్యాయి. మిగతా సెక్షన్లు సర్కారు వేరే నోటిఫికేషనుతో తేదీ చెప్పినప్పుడు అమలవుతాయన్నారు. ఆ తేదీ ఎప్పుడు వచ్చింది? 1973 నవంబరు 1న! నడుమ పద్దెనిమిది ఏళ్ళు. భూమి ఇనాందారుది కాదన్నది 1955లోనే తేలింది. ఎవరిదో తేల్చే దారి 1973 దాకా తెరుచుకోలేదు. ఓ.ఆర్.సి. కోసం ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకున్నవారిని 1973 నవంబరు 1 నాడు కబ్జాలో ఎవరున్నారని అడుగుతారు. ఆ రోజు ప్రాముఖ్యం తెలియక పహాణీ నకలు దాచుకోనివారికి ఇప్పుడు రుజువు చేసుకోవడం ఎంత కష్టమో మన సభ్యులలో కొందరికి తెలుసు. మతసంస్థల ఇనాములకు, గ్రామసేవ ఇనాములకు వేరే నిబంధనలున్నాయి, ఆ చిక్కులోకి ఇప్పుడు పోము. చట్టం వచ్చిన తేదీ ఒకటి, అమలయిన తేదీ ఇంకొకటి ఉండవచ్చు, రెండూ గెజిట్‌లోనే దొరుకుతాయి అన్నంతవరకు గుర్తుంటే చాలు. 2025 వక్ఫ్ సవరణ చట్టమే చూడండి. రాష్ట్రపతి ఆమోదం ఏప్రిల్ 5న, అమలు ఏప్రిల్ 8న. అమలు తేదీకి వేరే నోటిఫికేషను వెలువడింది.

గెజిట్‌లో రాకపోతే ఏమవుతుంది? దీనికి సుప్రీంకోర్టు 1951లో చెప్పిన జవాబు ఉన్నది. జయపూరు సంస్థానంలో 1923 డిసెంబరులో మంత్రుల కౌన్సిలు నల్లమందు చట్టం ఒకటి తీర్మానం చేసుకుంది. దాన్ని గెజిట్‌లో వేయలేదు, ఇంకే విధంగానూ ప్రజలకు చెప్పలేదు. కౌన్సిలు గదిలో చేసుకున్నారు, దఫ్తరంలో కట్టిపెట్టుకున్నారు. పాతికేళ్ళ తరువాత హర్లా అనే సామాన్యుడి మీద ఆ చట్టం కింద కేసు పెట్టి 50 రూపాయల జుర్మానా వేశారు. ఆ 50 రూపాయల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రజలకు తెలియజేయని చట్టంతో ప్రజలను శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని జస్టిస్ వివియన్ బోస్ తీర్పు వ్రాశారు. హర్లా శిక్ష రద్దయింది. చట్టం తెలియదనడం సాకు కాదని మనకు చెప్తుంటారు. కాని ఆ మాట అనే హక్కు సర్కారుకు రావాలంటే ముందు సర్కారు తెలియజేసి ఉండాలి. మన జరీదా పేరులో ఉన్న ఎలాం అనే మాటకు అసలు బరువు ఇదే. గెజిట్ ఉద్యోగుల బదిలీల కాగితం మాత్రమే అనుకునేవారికి ఈ కేసు చెప్పవలసి ఉన్నది.

అయితే గెజిట్‌లో వచ్చింది గనుక ఇక తిరుగులేదు అని ధీమాగా కూర్చోవడం కూడా సరికాదు. వక్ఫ్ ఆస్తుల విషయంలో ఇది మనకు బాగా తగిలే సంగతి. దర్గా, మసీదు, ఈద్గా, కబరస్తాన్, అషూర్ ఖానా ఏదైనా సరే, సర్వే కమీషనరు విచారించి నివేదిక ఇవ్వవలసి ఉండేది, వక్ఫ్ బోర్డు పరిశీలించవలసి ఉండేది, ఆపైన జాబితా గెజిట్‌లో ప్రచురించవలసి ఉండేది. 1954 చట్టమైనా, 1995 చట్టమైనా 2025 సవరణ దాకా పద్ధతి ఇదే. ఆ జాబితా మీద తగాదా ఉన్నవారు అప్పట్లో ప్రచురించిన ఏడాదిలోగా దావా వేసుకోవలసి ఉండేది. ఇంతకుముందు కబురుకు కబరస్తాన్‌కు సంబంధం గెజిట్ మీద ఉన్నదన్నాము, అది ఇదే. ఊరి కబరస్తాన్ సర్వే నంబరు ఎంత, ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, నాలుగు హద్దులేమిటి అనే కబురు ఆ జాబితాలోనే ఉంటుంది.

రెండు తీర్పులు తెలుసుకోదగినవి. మొదటిది మన పక్కదే. రంగారెడ్డి జిల్లా మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా ఉన్నది. 1989 ఫిబ్రవరిలో వెలువడిన గెజిట్‌లో ఆ దర్గా కింద చూపించింది 5506 చదరపు గజాలు. 2006 మార్చిలో సవరణ నోటిఫికేషను ఒకటి తీసి 1654 ఎకరాల 32 గుంటలని చేర్చారు. గజాలు ఎకరాలయ్యాయి! వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. అచ్చుతప్పు దిద్దే పేరుతో, కొత్తగా విచారణ లేకుండా ఇంత భూమిని చేర్చడం చెల్లదని 2022 ఫిబ్రవరి 7న తీర్పు వచ్చింది; భూమి సర్కారుదే అన్నారు. 1989లోనే సరిగా విచారించి, ఉన్నది ఉన్నట్లు వ్రాసి ఉంటే ఏమయ్యేదో అల్లాకే ఎరుక. మొదటి కాగితంలో అంకె సరిగా లేకపోతే తరువాత ఎంత మొత్తుకున్నా అది మన మెడకే చుట్టుకుంటుందని మాత్రం ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

రెండవది తమిళనాడులోని సేలం కబరస్తాన్ కేసు. అక్కడ వక్ఫ్ బోర్డు 1959లో ఆ స్థలాన్ని వక్ఫ్ అని నోటిఫికేషను ఇచ్చి ఉన్నది. 2023 మే 18న సుప్రీంకోర్టు చెప్పింది ఏమంటే, చట్ట ప్రకారం సర్వే, విచారణ జరగకుండా నోటిఫికేషను ఒక్కటీ ప్రచురించినంత మాత్రాన ఆస్తి వక్ఫ్ అయిపోదు. కనుక గెజిట్ కాగితం ఉన్నది గదా అని సందూకులో పెట్టి తాళం వేసుకుంటే చాలదు. దాని వెనుక సర్వే నివేదిక ఉన్నదా, ఏ పహాణీలో ఎట్లా వ్రాశారు, సేత్వార్‌లో ఏమున్నది, ఇవన్నీ ఒక చోట చేర్చి పెట్టుకోవాలి. 2025 సవరణ తరువాత, అప్పటికే రిజిస్టరయి ఉన్న ప్రతి వక్ఫ్ తన వివరాలూ హద్దులూ ఆరు నెలల్లో పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అనే వాదం కోర్టులకెక్కింది. వాదం ఎట్లా ఉన్నా, కాగితం చేతిలో లేని ముతవల్లీ ఏ పోర్టల్‌లో ఏమి ఎక్కిస్తాడు?

ఇంటి మట్టుకు పనికొచ్చే కొన్ని వాడుకలు కూడా చెప్తాము. గెజిటెడ్ ఆఫీసరు అంటే నియామకం గెజిట్‌లో ప్రకటించే హోదా గల అధికారి. ఒకప్పుడు ప్రతి సర్టిఫికెట్ నకలు మీదా ఆయన ఆకుపచ్చ సంతకం కోసం పిల్లలు కాలేజీల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారు. 2014 నుంచి కేంద్ర సర్కారు స్వయంగా సంతకం చేసుకుంటే చాలునని ప్రోత్సహించడంతో ఆ తిరుగుడు చాలావరకు తగ్గింది. గెజిటీరు అనేది వేరే. అది ఒక జిల్లా కొండలు, వాగులు, పంటలు, చరిత్ర చెప్పే పుస్తకం. పేరు దగ్గరగా ఉన్నదని గెజిట్‌కు బదులు గెజిటీరు అడిగితే మీకు లైబ్రరీ దారి చూపిస్తారు. జి.ఓ. కూడా గెజిట్ కాదు. జి.ఓ. సర్కారు ఉత్తరువు, కొన్ని జి.ఓ.లు గెజిట్‌లో అచ్చవుతాయి, అన్నీ కావు. పేపర్లో క్లాసిఫైడ్ ప్రకటన వేయించడం గెజిట్ చేయించడం కాదు.

ఈ ఆఖరి సంగతి మన ఇండ్లల్లో ఎక్కువగా వస్తుంది. మన పేర్లే అట్లాంటివి. బడిలో మాస్టరు ఎం.డి. అని వ్రాస్తాడు, ఆధార్‌లో మహమ్మద్, రేషన్ కార్డులో మొహమ్మద్, పాస్‌పోర్టు దగ్గరికి పోతే ఇంకొకటి. షేక్ ముందుంటుంది ఒకదాంట్లో, వెనుక ఉంటుంది ఇంకొకదాంట్లో. ఆడపిల్లల పేర్లలో బేగం, బీ, సుల్తానా ఒక కాగితంలో ఉంటే ఇంకొక కాగితంలో ఉండవు. ఒకే మనిషిని నలుగురు మనుషులుగా చేసే పని ఇది. వీసా వచ్చిన తరువాత తేడా బయటపడితే ఆ కుటుంబానికి ఎంత నష్టమో చెప్పలేము. పేరు మార్పు రాష్ట్ర గెజిట్‌లో ప్రచురింపజేసుకోవడం దీనికి పక్కా దారి. సర్కారు ముద్రణాలయం హైదరాబాదు చంచల్‌గూడలో ఉన్నది. అంతకన్నా మంచిది, పిల్లను బడిలో వేసిన నాడే పేరు అన్ని అక్షరాలతో ఒకే తీరుగా వ్రాయించడం. తెలుగులో ఎట్లా, ఇంగ్లీషులో ఎట్లా అని ఇంట్లో ముందే ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకుంటే మాస్టరు ఇష్టానికి వదిలిపెట్టే అవసరం ఉండదు.

మన ఊరి పంచాయతీ మునిసిపాలిటీ అయి 2021 ఏప్రిల్ 30న మొదటిసారి మునిసిపల్ ఎన్నికలు జరిగినప్పుడు వార్డుల హద్దులేమిటి, ఏ వార్డు ఎవరికి రిజర్వు అయిందని బజారులో ఎంత చర్చ జరిగిందో గుర్తున్నది గదా. నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు పడింది కూడా 2016 అక్టోబరు 11న నోటిఫికేషనుతోనే. అప్పుడు మండలాల పేర్లు వరుసగా చదువుకున్నవాళ్ళం, మన మహల్లా మసీదు సర్వే నంబరు అడిగితే మాత్రం ఎవరినో అడిగి చెప్తామంటాము.

ఇప్పుడు గెజిట్ కోసం కచేరీ గడప తొక్కవలసిన పని చాలావరకు లేదు. కేంద్ర సర్కారు 2015 అక్టోబరు 1 నుంచి గెజిట్‌ను కాగితం మీద అచ్చువేయడం మాని కంప్యూటరులోనే ప్రచురిస్తున్నది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఫోనులోనే తీసి చూపిస్తారు. తీసినప్పుడు నెంబరు, తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు వరుసగా చదివించుకోండి. ఎకరాలో, గుంటలో, గజాలో చూడండి. పాత జరీదాలు కావాలంటే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సుకు పోవాలి. అవి ఉర్దూలో ఉన్నాయి, తేదీలు ఫస్లీలో ఉన్నాయి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశారు గాని, ఆ కచేరీ ఉర్దూ చదవగలిగినవారు మన ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వారిలో ఎవరైనా సొసైటీ ఆఫీసుకు వారానికి ఒక్క సాయంత్రం వచ్చి, సభ్యులు తెచ్చిన ముంతఖబ్‌లు, సనదులు, జరీదా నకళ్ళు చదివిపెట్టడానికి ఒప్పుకుంటే, పక్కన కూర్చుని తెలుగులో వ్రాసుకునే పిల్లలను మేము కుదురుస్తాము.